సగ చూసి చేసుకున్నం, సర్టిఫికెట్ చూసి కాదు

 

మా పెళ్లై ఏడాది దాటింది. ఈ మధ్య ముగ్గురు తమ్ముళ్లు వేర్వేరుగా ఒకటే ప్రశ్న అడిగిండ్రు: "అటువైపు పిల్లను చేసుకుంటే నష్టమా?" అటువైపు అంటే మహారాష్ట్ర. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పుడు కంటే ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తదనిపించింది. ఇద్దరం కూర్చొని రాసింది కాబట్టి "మేము" అనే రాస్తున్నం. ఒకరి సంగతే చెప్పాల్సి వస్తే మాలో ఆమె, మాలో అతను అంటం. కొంచెం పొడుగ్గానే ఉంటది, ఓపికగా చదవండి.

మాలో ఆమెది కిన్వట్ తాలూకా, నాందేడ్ జిల్లా. మాలో అతనిది ఉట్నూరు ఏజెన్సీ. ఇద్దరం గోండులమే. ఇంటి పేరు అడిగి, సగ అడిగి, ఇద్దరివీ వేర్వేరు సగలని తేలినంకనే పెద్దలు మాట కలిపిండ్రు. గోండులు కాని మిత్రుల కోసం ఒక్క ముక్క: మాలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు అని నాలుగు ఉంటాయి. ఒకే సగ వాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల లెక్క. వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఏ ఊరు, ఏ జిల్లా అన్నది అంతకుముందు పెద్ద విషయమే కాదు.

ఎందుకు కాదంటే ఆ రోజుల్లో జిల్లా ఒక్కటే. 1956 దాకా కిన్వట్, రాజూరా తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలో, మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేవి. రాష్ట్రాలను భాష ప్రకారం విడదీసినప్పుడు అవి అటు పోయినయి. తెలుగు వాళ్లది ఇటు, మరాఠీ వాళ్లది అటు అన్నరు. గోండి మాట్లాడేవాళ్లది ఎటు అని ఎవరూ అడగలే. మాలో ఆమె నానమ్మ కోడలిగా వచ్చినప్పుడు ఆ ఊరు ఆదిలాబాద్ జిల్లా. ఆమె ఊరు మారలేదు, ఇల్లు మారలేదు, రాష్ట్రమే మారింది. ఆదిలాబాద్‌లో రైలెక్కితే గంటకు పైగా ప్రయాణం, కిన్వట్ వస్తది. మధ్యలో పెద్ద నది కూడా అడ్డం లేదు. స్టేషన్ బోర్డుల మీద తెలుగు అక్షరాలు పోతాయి, అంతే.

2024 ఎండాకాలంలో మా పెళ్లి అబ్బాయి ఊళ్లోనే జరిగింది. కట్నం లేదు. ఇది గొప్ప కోసం చెప్తలేం. మన దాంట్లో ఆడపిల్ల తండ్రికే ఇచ్చే ఆచారం ఉండేది. ఇప్పుడు చదువుకొని, ఉద్యోగం వచ్చినంక మనమే బండి అడుగుతున్నం, ప్లాటు అడుగుతున్నం. మాకు ఆ మాట రాకుండా రెండు వైపులా ముసలోళ్లే అడ్డం నిలబడ్డరు.

పెళ్లైన కొత్తలో తెలిసొచ్చిన మొదటి సంగతి భాష. ఇద్దరం గోండిలోనే మాట్లాడుకుంటం, వేరే దారి లేదు. మాలో ఆమెకు తెలుగు రాదు, మాలో అతనికి మరాఠీ బజారు మాటల వరకే వచ్చు. ఉండి, రండ్, మూంద్ అని ఏడు దాకా లెక్కపెడితే ఇద్దరివీ ఒకటే అంకెలు. ఏడు దాటంగనే ఆమె మరాఠీలోకి, అతను తెలుగులోకి జారిపోతం. కిరాణా సామాను లెక్క చూసేటప్పుడు ఇదొక పంచాయితీ. ఫోన్‌లో మెసేజ్ పెట్టాలంటే ఆమె గోండిని దేవనాగరిలో రాస్తది, అతను తెలుగు లిపిలో రాస్తడు. ఒకరిది ఒకరం చదవలేం. అందుకని మొదటి నాలుగు నెలలు మొత్తం వాయిస్ మెసేజ్‌లే.

మనకు లిపి లేకనా అంటే, ఉన్నయి. అవి కూడా రెండు. నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో దొరికిన పాత రాతప్రతుల లిపి ఒకటి, అది 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ వైపు వాళ్లకు ఎక్కువ తెలిసింది మసారం గోండి లిపి. అది అంతకు ముందు ఏడాదే, 2017లో వచ్చింది. మాలో అతను గుంజాల లిపి బోర్డుల మీద చూసిండు, ఆమె మసారం లిపి పుస్తకంలో చూసింది. ఇద్దరికీ రెండూ సరిగ్గా రావు. వానాకాలంలో గుంజాల లిపి నేర్చుకుందామని కూర్చున్నం. ఇప్పుడు ఇంటి ఖర్చుల పుస్తకం ఆ లిపిలోనే రాస్తున్నం. తప్పులుంటాయి, దిద్దేటోళ్లు లేరు. అయినా ఉప్పు, పప్పు, కిరాయి అని మా భాషలో మా అక్షరాలతో రాసుకుంటే ఆ పుస్తకం వేరేగా కనిపిస్తది.

వంట సంగతి కూడా చెప్పాలె. జొన్న గట్క ఇద్దరిదీ. ఆమె దంచే పచ్చిమిర్చి ఠేచా తిని మామకు మొదటి రోజు కళ్లల్ల నీళ్లొచ్చినయి. మూడో రోజు నుంచి ఆయనే అడిగి పెట్టించుకుంటుండు.

తిరుగుడు అంటారా, ఏడాదంతా తిరిగినం. దూరం పోలేదు, మనుషుల దగ్గరికే పోయినం. కొత్త జంటను ప్రతి ఇంటోళ్లు పిలుస్తరు, పోకపోతే మాట పడుతది. సహస్రకుండ్ జలపాతం చూసినం, అది ఆమె వైపు. కుంటాల చూసినం, అది ఇటు వైపు. మార్లవాయి పోయినం. హైమన్‌డార్ఫ్, బెట్టీ ఎలిజబెత్ దంపతుల సమాధులు అక్కడ పక్కపక్కనే ఉన్నయి. 1940 తర్వాత, కుమ్రం భీం పోరాటం అయినంక, నిజాం ప్రభుత్వం పంపితే వచ్చిన మనిషి ఆయన. మార్లవాయిలో గోండు పిల్లలకు గోండిలో చదువు మొదలైంది ఆయన ఉన్నప్పుడే. ఎక్కడో ఐరోపా నుంచి వచ్చిన జంట మన ఊళ్లో మట్టిలో ఉన్నరు. అక్కడ కొంచెంసేపు మాట్లాడకుండ కూర్చున్నం.

దీపావళికి దండారి. మన దగ్గర దండారి దండు పక్కూరికి పోవుడంటే చుట్టరికాన్ని మళ్లీ ఒకసారి గట్టి చేసుకున్నట్టు. సంబంధాలు కలిసే ఊళ్లే ఒకరికొకరు ఆతిథ్యం ఇస్తరు. కిన్వట్ వైపు కూడా గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకొని అట్లనే ఆడుతరు, డప్పు దెబ్బ కొంచెం తేడా. ఆ దండారి రోజుల్లోనే, 2024 అక్టోబర్ 25న, గుస్సాడీ గురువు పద్మశ్రీ కనకరాజు తాత మార్లవాయిలో కన్నుమూసిండు. ఆ వార్త మాకు కిన్వట్ వైపు ఊళ్లో ఉన్నప్పుడు తెలిసింది. అక్కడి దండు కాసేపు వాయిద్యాలు ఆపి నిలబడ్డది. వాళ్లు ఆయనను వేరే రాష్ట్రం మనిషి అనుకోలే.

ఇంత దాకా చదివితే మా ఏడాది అంతా పండుగే అనుకుంటరు. ఇప్పుడు కాగితాల సంగతి.

మొదటిది బస్సులో ఎదురైంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ. కానీ ఇక్కడి చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలె. మాలో ఆమె ఆధార్ కిన్వట్‌ది. అత్త, ఆడబిడ్డ జీరో టికెట్ మీద పోతుంటే పక్క సీట్లో కోడలికి మాత్రం డబ్బులిచ్చి టికెట్. మహారాష్ట్ర బస్సెక్కితే ఆడవాళ్లకు సగం టికెట్, అది వాళ్ల సరిహద్దు దాకానే. నవ్వుకున్నం. 2024లోనే అటు లాడ్కీ బహీణ్ పథకం వచ్చింది, నెలకు 1,500 రూపాయలు. ఆమె చెల్లెలి వరుస వాళ్లంత దరఖాస్తు పెట్టిండ్రు. ఆమె కాపురం ఇక్కడ కాబట్టి పెట్టలే. ఇవి చిన్నవి, ఓర్చుకోవచ్చు.

పెద్దది ఉద్యోగం. మాలో ఆమె నాందేడ్‌లో జీఎన్ఎం నర్సింగ్ చదివింది. 2024 సెప్టెంబర్‌లో తెలంగాణలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల నోటిఫికేషన్ పడ్డది. ఇంట్ల అందరికీ సంబరమే. వివరం కోసం ఒక ఆఫీసుకు పోయినం. కౌంటర్ దగ్గర మనిషి ఆమె సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఇక్కడ చెల్లదు. మీ రాష్ట్రంల చూసుకోండి" అన్నడు. "సార్, ఈమె కూడా గోండే, మా ఇంటి కోడలు" అన్నం. "కోడలైతే ఎస్టీ అయితదా అమ్మా?" అని పక్కనోళ్లతో కలిసి నవ్విండు.

ఆ నవ్వు మర్చిపోలేదు కానీ, నియమం మటుకు అదే. మా బంధువుల్లో రిటైరైన ఒక సారు కూర్చోబెట్టి చెప్పిండు. రాజ్యాంగం 342వ అధికరణ ప్రకారం షెడ్యూల్డ్ తెగల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. గోండు పేరు రెండు జాబితాల్లోనూ ఉన్నా సరే, ఒక రాష్ట్రంలో పుట్టిన మనిషికి ఇంకో రాష్ట్రంలో ఆ రాష్ట్ర రిజర్వేషన్ రాదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ అదే చెప్పింది. పెళ్లి చేసుకొని వచ్చినా అంతే. తెగ అనేది పుట్టుకతో, తండ్రిని బట్టి వస్తది. పెళ్లితో రాదు, పెళ్లితో పోదు. దీనికి తోడు స్థానికత. తెలంగాణలో 1 నుంచి 7వ తరగతి మధ్య ఎక్కడ చదివిందో చూసి లోకల్ అంటరు. ఆమె మొత్తం మరాఠీ బడిలోనే చదివింది. అంటే ఇక్కడ రాష్ట్ర పోస్టుకు ఆమె నాన్‌లోకల్, ఓపెన్ క్యాటగిరీ. పుట్టిన గడ్డ ఒకప్పుడు ఈ జిల్లాదే, ఇప్పుడు దరఖాస్తు ఫారంలో ఆమె బయటి మనిషి.

ఆ రాత్రి అన్నం సహించలే. మాలో ఆమె ఒకటే మాట అన్నది: "ఇక్కడికొచ్చి నేను ఏమైన?" మాలో అతని దగ్గర జవాబు లేదు. చుట్టాల్లో కొందరు సందు దొరికినట్టు, "అందుకే ఇటు పిల్లను చూసుకోమన్నం, ఇద్దరికీ ఉద్యోగం వచ్చేది" అన్నరు. ఆ మాట ఆఫీసు నవ్వు కంటే ఎక్కువ తగిలింది. ఎందుకంటే అన్నది మనోళ్లే.

2025 జనవరి 28, పుష్య అమావాస్య. కేస్లాపూర్ నాగోబా మహాపూజ. మాలో అతనిది మెస్రం ఇల్లు. మెస్రం వంశంలోకి వచ్చిన కొత్త కోడలికి నాగోబా ముందు భేటింగ్ కావాలె. అప్పటిదాకా వంశం పూజల్లో ఆమెకు చోటు ఉండదు. ఆ ఏడాది పెద్దలు చెప్పులు లేకుండా రోజుల తరబడి నడిచి, జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు నుంచి గోదావరి జలం తెచ్చిండ్రు. మామ కూడా ఆ నడకలో ఉన్నడు. మేము మర్రిచెట్ల కింద బసలో కలిసినం. చలి బాగా ఉన్నది. చుట్టూ ఎడ్లబండ్లు, పొయ్యిలు, పర్ధాన్ల కిక్రి పాట. ఆ గుడి కూడా ఇప్పటిది వంశస్థులు సొంతంగ చందాలు వేసుకొని కట్టుకున్నదే, 2022 డిసెంబర్‌లో తెరిచిండ్రు.

రాత్రి మహాపూజ అయినంక కొత్త కోడళ్లందరినీ తెల్లచీరలు కట్టించి, ముసుగులేసి వరసగా నడిపించిండ్రు. మాలో ఆమె ముందు నిలబడ్డ పిల్లది కూడా మహారాష్ట్ర వైపే అని తర్వాత తెలిసింది. అక్కడ ఆధార్ అడగలే. ఏ రాష్ట్రం, ఏ తరగతి ఎక్కడ చదివినవ్ అని అడగలే. తండ్రి ఇంటి పేరు, ఏ ఇంటి కోడలు, రెండే అడిగిండ్రు. పెద్దలకు మొక్కించి దీవించిండ్రు. బయటికొచ్చినంక అత్త ముసుగు సర్ది, "ఇక నువ్వు మాదానివి బిడ్డా, ఎవ్వలు కాదన్నా" అన్నది. సెప్టెంబర్ నుంచి లోపల పెట్టుకున్న ఏడుపు మాలో ఆమె అప్పుడు ఏడ్చింది. మాలో అతను దూరంగ నిలబడి చూస్తున్నడు, దగ్గరికి పోయే ఆచారం లేదు. అతనికీ అదే పరిస్థితి.

తెల్లారి మర్రిచెట్టు కింద కూర్చొని మేమిద్దరం మాట్లాడుకున్నది ఇది. మన పెద్దలు సగ చూసి సంబంధం కలుపుకునేవాళ్లు. మనం సర్టిఫికెట్ చూసి కలుపుకుంటున్నం. ఒక పదేళ్లు ఇట్లనే నడిస్తే కిన్వట్‌కు, ఉట్నూరుకు మధ్య చుట్టరికం ఉండదు. చుట్టరికం లేకపోతే దండారి దండు ఆ ఊరికి పోదు. గోండి మాట్లాడుకునే అవసరం కూడా ఉండదు. ఇటోళ్లం తెలుగోళ్లం, అటోళ్లు మరాఠోళ్లు అయిపోతం. 1956లో గీసిన గీత భూమి మీదనే ఉన్నది. దాన్ని చుట్టరికాల మీద గీస్తున్నది మాత్రం మనమే.

అయితే ప్రేమ మాటలతో ఇల్లు గడవదు కదా. మేము చేసింది కూడా రాస్తం, ఎవరికైనా అక్కరకొస్తది.

రాష్ట్ర రిజర్వేషన్ రాకపోయినా కేంద్ర ఉద్యోగాలకు ఆమె ఎస్టీనే. పుట్టిన రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్ అక్కడ చెల్లుతది, కేంద్ర నమూనాలో తీసుకోవాలె. నర్సులకు ఎయిమ్స్ వాళ్లు పెట్టే నార్‌సెట్ పరీక్ష ఉంది. బీబీనగర్ ఎయిమ్స్, నాగ్‌పూర్ ఎయిమ్స్ రెండూ దాంట్లోనే వస్తాయి. జీఎన్ఎం వాళ్లకు 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలె. అందుకని ఆమె రిజిస్ట్రేషన్ మహారాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నుంచి తెలంగాణ కౌన్సిల్‌కు మార్పించుకున్నం. తర్వాత ఆదిలాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది. జీతం తక్కువ, రాత్రి డ్యూటీలు ఎక్కువ. కానీ ఆస్పత్రికి వచ్చే ఊరోళ్లు గోండిలో నొప్పి చెప్పుకుంటే అర్థమయ్యే మనిషి ఒకరున్నరు.

ఉట్నూరు గది ఖాళీ చేసి ఆదిలాబాద్‌లో స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో కిరాయికి దిగినం. మాలో అతను పొద్దున బస్సులో ఉట్నూరు డ్యూటీకి పోయి రాత్రికి వస్తడు. ముందు లేచినోళ్లు రొట్టె చేస్తరు, తర్వాత లేచినోళ్లు నీళ్లు పట్టి బట్టలు ఉతుకుతరు. మొదట్లో అత్తకు ఇది నచ్చలే. ఒకసారి వచ్చి వారం రోజులుండి, కోడలు నైట్ డ్యూటీ చేసి వచ్చుడు చూసి, కొడుకును ఆమే లేపింది: "లే, రొట్టె చెయ్యి."

అటువైపు పిల్లను చేసుకునే తమ్ముళ్లకు, ఇటువైపు రాబోయే చెల్లెళ్లకు ఇంకో మూడు మాటలు. ఒకటి, పెళ్లికి ముందే అమ్మాయి తెగ సర్టిఫికెట్ తీసుకోండి. మహారాష్ట్ర వాళ్లైతే దాని మీద వైధతా సర్టిఫికెట్ కూడా వేరే కావాలె. పెళ్లైనంక తిరిగి తిరిగి తెచ్చుకునుడు కష్టం. రెండు, అటువైపు పెళ్లైనంక తండ్రి పేరు తీసేసి భర్త పేరు పెట్టుకునే అలవాటు ఉంది. చదువు సర్టిఫికెట్ల మీద, తెగ సర్టిఫికెట్ మీద ఉన్న పేరు అట్లనే ఉంచండి. ఆధార్‌లో చిరునామా మార్చినంత మాత్రాన తెగ పోదు. మూడు, ఈ లెక్కలన్నీ పిల్లకు, ఆమె తల్లిదండ్రులకు సంబంధం అనుకునేటప్పుడే చెప్పండి. తెలిసి ఒప్పుకున్న కష్టాన్ని ఇద్దరూ మోస్తరు.

మా సంఘాలకు కూడా ఒక మనవి. సరిహద్దుకు రెండు వైపులా ఒకే తెగ ఉన్నచోట, పెళ్లై వచ్చిన ఆడబిడ్డ సంగతి ఏం చేయాలో ఎవరూ మాట్లాడుతలేరు. పోడు పట్టాల గురించి, టీచర్ పోస్టుల గురించి అడుగుతున్నం, మంచిదే. నాగోబా దర్బార్‌లో అధికారుల ముందు ఈ మాట కూడా ఒకసారి పెట్టండి. దర్బార్ మొదలైంది మనోళ్ల గోడు వినడానికే కదా.

మాలో ఆమెకు అనుభవం రెండేళ్లు నిండడానికి ఇంకా టైం ఉంది. పరీక్ష రాస్తది. నాగ్‌పూర్ వచ్చినా, బీబీనగర్ వచ్చినా, దేశంలో ఇంకెక్కడ వచ్చినా పోవాలనే అనుకున్నం. రెండు వైపులా పెద్దలకు చెప్పేసినం. మామ ఒక్కటే అడిగిండు: "పుష్య అమావాస్యకు వస్తరు కదా?" వస్తం అన్నం.

గుంజాల లిపి బాగా వచ్చినోళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మా ఖర్చుల పుస్తకంలో తప్పులు దిద్దాలె.

జై సేవా. జై కుమ్రం భీం.